కింది పైపు క్లిప్పు

గాజువాకలో నాది చిన్న షెడ్డు. రెండు కార్లు పట్టేంత చోటు. ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి వచ్చే బళ్ళే ఎక్కువ. వాటిలో వరహాలుది ఒకటి. స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర అతని పని. డ్యూటీ దిగి వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని, "ఏటి బావా, ఇంకా అవనేదా?" అంటూ కూర్చునేవాడు. గవర్రాజు అని నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు.

మే నెలలో అతను పోయాడు. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే గుండెల్లో నొప్పి వచ్చింది. భార్య మహేశ్వరి కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరింది. కూర్మన్నపాలెం దాటాక హైవే మీద ఇంజను పట్టేసింది. ఇంకో బండి దొరికేసరికి అంతా అయిపోయింది.

దినాలయ్యాక ఆ కారుని తాడు కట్టి నా షెడ్డుకి లాక్కొచ్చారు. మహేశ్వరి కూడా వచ్చింది.

"వేడి సూపే ముల్లు ఎర్రగీత మీదకెళ్ళిపోనాది అన్నయ్యా. ఆపుదామంటే ఆయన ఆపకు, ఆపకు అన్నారు. నాను ఆపి నీళ్ళు పోసుంటే... ఆసుపత్రికి అందేవోలమేటి?"

"చూసి సెప్తానమ్మా," అన్నాను.

బానెట్ ఎత్తాను. రేడియేటర్‌లో చుక్క నీరు లేదు. ఆయిల్ పుల్ల లాగి చూస్తే పాలు కలిపిన టీ రంగు. నీళ్ళు ఆయిల్లోకి దిగిపోయాయన్నమాట. ఇంజను పైనుండే హెడ్ విప్పాను. గాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య కాలిపోయి ఉంది. హెడ్ మీద స్కేలు నిలబెడితే కింద సందులోంచి వెలుతురు కనబడింది. వేడికి వంగిపోయింది.

ఇదంతా నీళ్ళు పోయాక జరిగింది. ముందు ఆ నీళ్ళు ఎటు పోయాయి?

కారు కింద పడుకుని చూశాను. రేడియేటర్ కింది పైపు ఊడి వేలాడుతోంది. కొత్త పైపు. దాన్ని పట్టి ఉంచాల్సిన క్లిప్పుని వేళ్ళతో తిప్పాను. తిరిగింది.

ఆ పైపు వేసింది నేనే. వరహాలు పోవడానికి నాలుగు రోజుల ముందు. క్లిప్పు చేత్తో బిగించి, స్క్రూడ్రైవర్ అందుకునేలోగా ఫోనొచ్చింది. ఆ తరువాత బిగించానా... ఎంత ఆలోచించినా బానెట్ మూసిన చప్పుడే గుర్తొస్తోంది.

"ఏటైనాది అన్నయ్యా?" మహేశ్వరి నా పాదాల దగ్గర నిలబడి అడిగింది.

కారు కింద నుంచే చెప్పాను. "రేడియేటర్ పాతదైపోనాదమ్మా. పగిలిపోనాది. నీ తప్పేటీ నేదు."

రేడియేటర్ మాట నమ్మింది. తన తప్పు లేదన్న మాట మాత్రం నమ్మలేదు.

హెడ్‌ని లేతు షాపులో చదును చేయించాను. పిస్టన్లు, రింగులు మార్చాను. కొత్త గాస్కెట్ వేశాను. క్లిప్పుని మూడుసార్లు బిగించి చూసుకున్నాను. అరగంట ఇంజను ఆన్‌లో పెడితే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఫ్యాను వేళకి తిరిగింది.

మరునాడు మధ్యాహ్నం ట్రయల్‌కి తీశాను. ఎండ మండిపోతోంది. కూర్మన్నపాలెం దాకా వెళ్ళి గాజువాక వైపు తిప్పాను. ఆ రోజు వాళ్ళు వచ్చిన దారే.

ముందు వాసన వచ్చింది. కూలెంట్ కాలినప్పుడు వచ్చే తియ్యటి వాసన. దాంతోపాటు ఛాతీకి రాసుకునే బామ్ వాసన.

ముల్లు కదిలింది.

పక్కకి ఆపి బానెట్ ఎత్తాను. ఎక్కడా చెమ్మ లేదు. పైపు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. ఆ ఎండలో, అంత దూరం నడిచిన ఇంజను... రాత్రంతా నిలబెట్టినట్టు చల్లగా ఉంది.

మళ్ళీ ఎక్కాను. ఎడమ సీటు అణిగి ఉంది. మనిషి కూర్చున్నంత లోతుగా.

"ఆపకు బావా..."

చెవి పక్కనే. ఊపిరందని గొంతు.

ఆపలేదు. ఆసుపత్రి ఇంకా మూడు కిలోమీటర్లు. అక్కడికి చేర్చాలి, అంతే. ఇంకేం తోచలేదు. ముల్లు ఎర్రగీత దాటింది. ఇంజన్లో టక... టక... టక... ఒక్కసారిగా పట్టేసింది. స్టీరింగ్ బిగుసుకుంది. బండి రోడ్డు వారకి దొర్లి ఆగింది.

తలుపు తెరుచుకోలేదు. అద్దం దిగలేదు. ఉక్కు చుట్టలు మోసే ట్రైలర్లు కారుని ఊపేస్తూ పోతున్నాయి. ఒక షేర్ ఆటో పక్కనే ఆగింది. అందులోని ఆవిడ ఇటే చూస్తోంది. అద్దం మీద రెండు చేతులతో బాదాను. ఆమె చూపు నా మీదుగా జారిపోయింది. ఆటో వెళ్ళిపోయింది.

పక్కన ఊపిరి... ఒకటి.

చాలాసేపటికి... ఇంకోటి.

"వరహాలూ... ఆ క్లిప్పు నానే..."

తాళం తిప్పాను. మళ్ళీ తిప్పాను. ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు బాగుచేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, పక్కన మనిషి పోతుంటే వింటూ కూర్చున్నాను. పదకొండు నిమిషాలు. గడియారం నా ఎదురుగానే ఉంది.

ఇంకో ఊపిరి కోసం చూశాను.

రాలేదు.

తలుపు లాకు టక్కున విడిచింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ముల్లు మధ్యలో ఉంది.

షెడ్డుకి పోలేదు. అక్కడే వెనక్కి తిప్పి ఉక్కునగరం వెళ్ళాను. క్వార్టర్ ఇంకా ఖాళీ చేయలేదు. మహేశ్వరి తలుపు తీసింది.

"అమ్మా... రేడియేటర్ కాదు. పైపు నాను వేసిందే. క్లిప్పు బిగించనేదు. నీకు అబద్ధం సెప్పాను."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు.

"తెలుసన్నయ్యా. ఆయన సెప్పారు."

"ఎప్పుడు?"

ఆమె నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. గుమ్మంలో కొంచెం పక్కకి జరిగింది.

"నువ్ లోపలికి రా అన్నయ్యా," అంది. తరువాత, అటే చూస్తూ, గొంతు తగ్గించి, "మీరు కాళ్ళు కడుక్కుని రండి," అంది.

నా వెనక, మెట్ల పక్కనున్న కుళాయి తిప్పిన చప్పుడైంది.