వరసలో ఇత్తడి చెంబు

"మా బిందెలు ముట్టింది ఎవరప్పా?"

లక్ష్మీదేవమ్మ కేకకు బావి గట్టు మీది కాకులు లేచిపోయాయి.

ఎర్రదిన్నెపల్లెకు ఉన్నది ఒక్కటే మెట్ల బావి. మూడేళ్లుగా సరైన వాన లేదు. పూడిక పేరుకుపోయి బావి అడుగున మోకాలి లోతు నీళ్లే మిగిలాయి. అవి ఊరే కొద్దీ చెంబుతో తోడుకోవాలి. అందుకని తెల్లవారుతూనే ఆడవాళ్లు మెట్ల మీద బిందెలు వరసగా పెట్టి ఇళ్లకు వెళ్లి పనులు చూసుకుంటారు. మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, వంతు పోదు. ఆ వరసను ఎవరూ కదిలించరు.

ఆ పొద్దు మాత్రం నలభై బిందెలూ గోడ వారకు చేరి ఉన్నాయి. పెద్దవన్నీ ఒకవైపు, చిన్నవన్నీ ఒకవైపు. వాటి పక్కన ఖాకీ నిక్కరు, ఖద్దరు చొక్కా వేసుకున్న యువకుడు, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు.

"నేనేనమ్మా. పూడిక తీసేదానికి కడప కాలేజీ నుంచి వచ్చిన వాలంటీర్లం. మెట్లకు అడ్డంగా ఉండాయని లైనుగా సర్దినా."

"లైనంట! మొదటి వంతు నాది. నా బిందె ఇప్పుడు యాడుండాదో సూడు, గోడకు మొగం పెట్టి ఏడుస్తాండాది!"

"మూడోది నాది!"

"నీదెట్లయితాది మ్మే? నేను పెట్టినప్పుడు నువ్వు ఇంకా పండుకోని ఉండావు!"

యువకుడి ముఖం వాడిపోయింది. అతడి పేరు వెంకటేశ్వర్లు. బి.ఏ. చదువుతున్నాడు గాని, బిందెల వెనక మనుషులుంటారని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అప్పుడు ఆడవాళ్ల వెనక నిలబడ్డ రామసుబ్బమ్మ మెల్లగా వంగి వాళ్ల అవ్వ నాగలక్ష్మమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఆ అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. పరాయి మగవాళ్ల ఎదుట ఆమె నోరు తెరవగా చూసినవాళ్లు ఊళ్లో లేరు.

అవ్వ గొంతు సవరించుకుంది. "మొదటిది లక్ష్మీదేవమ్మది, అంచు సొట్ట పోయింది. రెండోది మెడ పగిలితే మాటు వేసింది. మూడోది..."

మనవరాలు చెవిలో చెబుతోంది, అవ్వ పైకి చెబుతోంది. నలభై బిందెలూ ఒక్క తప్పు లేకుండా మళ్లీ మెట్లెక్కాయి. వెంకటేశ్వర్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి పెట్టాడు. మధ్యలో ఉండబట్టలేక అడిగాడు.

"అవ్వా, ఆమె మాట్లాడదా?"

"ఎందుకు మాట్లాడదు? దానికి నచ్చినప్పుడు మాట్లాడతాది. నువ్వు ముందు ఆ బిందె తిన్నగా పెట్టప్పా."

రామసుబ్బమ్మ కొంగు అంచులో నవ్వు దాచుకుంది. అయినా అతడికి కనపడనే కనపడింది.

పని మొదలైంది. అయితే వాలంటీర్లు పన్నెండు మంది. అడుగు నుంచి గట్టు దాకా మెట్ల మీద ముప్పై మంది నిలబడితే తప్ప బురద తట్ట చేతులు మారి పైకి రాదు. ఊళ్లో మగవాళ్లు వచ్చి చూశారు గాని చెయ్యి వెయ్యలేదు. "ముందు కింది వీధోళ్లను దిగమను" అన్నాడు లక్ష్మీదేవమ్మ భర్త సుబ్బయ్య. "పై వీధోళ్లు దిగితే మేమూ దిగుతాం" అన్నారు కింది వీధివాళ్లు.

మూడు రోజులు గడిచాయి. కుర్రవాళ్ల చేతులు బొబ్బలెక్కాయి. ఇంకో మూడు రోజులు పోతే వాళ్లు వేరే ఊరికి వెళ్లిపోవాలి. ఆలోగా ఊట బయటపడకపోతే, ఎండాకాలమంతా ఆడవాళ్లు మూడు మైళ్ల దూరంలో ఏటి ఇసుకలో తవ్విన చెలమలకు నడవాల్సిందే. అంత దూరం అవ్వ నడవలేదు. రామసుబ్బమ్మ ప్రతి పొద్దూ అదే తలుచుకుంటూ బిందె పెట్టి పోతోంది.

నాలుగో నాటి పొద్దున, మిగతా కుర్రవాళ్లు ఇంకా రాకముందే, వెంకటేశ్వర్లు ఒక్కడే అడుగున తట్ట నింపి, తానే పైకి మోస్తున్నాడు. దింపి మళ్లీ దిగుతున్నాడు. అరచేతులకు గుడ్డ చుట్టుకున్నాడు.

ఆమెను చూసి ఆగాడు. "మీ బిందె ముట్టలేదండీ. దూరంగానే పోతాండా."

ఆమె నవ్వాపుకుంది. తర్వాత ఆ గుడ్డల వైపు చూసింది. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, మాట బయటికి వచ్చేసింది.

"మీ ఊరు కాదు. మీరు తాగే నీళ్లు కావు. ఎందుకింత కష్టం?"

అతడు తట్ట కింద పెట్టాడు.

"మాది ఒంటిమిట్ట దగ్గర. సేద్యమే. నేను ఇన్నేండ్లూ తాగింది ఎవరో తవ్విన బాయి నీళ్లేగదా. వాళ్ల పేర్లు కూడా నాకు తెలీదు. వాళ్లకు తిరిగి ఇచ్చేదానికి లేదు. ఈడన్నా పూడిక తీద్దామని."

రామసుబ్బమ్మకు ఆ మాట గుండెలో చల్లగా దిగింది. ఇంత పెద్ద మాటను ఇంత మామూలుగా చెప్పే మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

"మీరు వీధుల వరసలో పిలుస్తాండారు" అంది తల వంచుకొని. "బిందెల వరసలో పిలవండి."

"ఎట్లా?"

"బిందె పెట్టిన ఇంటి నుంచి ఒక మనిషి. ఆ వరస మీద ఈ ఊళ్లో ఎవరూ మాట ఎత్తరు."

"వరస మీకు తప్ప ఎవరికీ తెలీదే! పిలిచేది ఎవరు?"

ఆమె గబగబా మెట్లెక్కి పోయింది.

గంట తర్వాత, ఊరు బావి దగ్గర చేరిన వేళ, రామసుబ్బమ్మ గట్టున నిలబడింది. అవ్వ చెవి పక్కనే ఉంది గాని, ఈసారి వంగలేదు.

"మొదటి బిందె లక్ష్మీదేవమ్మత్తది! ఒక మనిషి దిగల్ల!"

ఊరు నోరు తెరిచింది. సుబ్బయ్య గొణిగాడు. "మొదట నేనేంది?"

"మొదట నీళ్లు తాగేటప్పుడు అడిగినావా ఈ మాట?" లక్ష్మీదేవమ్మ భర్త చేతిలో తట్ట పెట్టింది. "దిగు!"

సుబ్బయ్య దిగాడు. రెండోవాడు దిగాడు. పై వీధి, కింది వీధి బిందెలు ఎట్లా కలిసి ఉన్నాయో మనుషులూ అట్లాగే కలిసి మెట్ల మీద నిలబడ్డారు. మధ్యాహ్నానికి తట్ట ఆగకుండా చేతులు మారుతోంది. అందరికన్నా కింద, నడుము లోతు బురదలో, వెంకటేశ్వర్లు. పైకి చూసినప్పుడల్లా అతడి కళ్లు గట్టు మీద ఒక్కచోటే ఆగుతున్నాయి.

"తట్ట సూడప్పా, తట్ట!" అన్నాడు సుబ్బయ్య. మెట్లన్నీ నవ్వాయి.

ఆరో రోజు సాయంత్రం రాతి సందులోంచి ఊట చిమ్మింది.

మరునాటి పొద్దున రామసుబ్బమ్మ బిందె తీసుకోవడానికి వచ్చేసరికి ఆడవాళ్లంతా గుమిగూడి ఉన్నారు. ఆమె బిందె వెనకే ఒక చిన్న ఇత్తడి చెంబు ఉంది.

"ఎవరిది మ్మే ఇది? మన ఊరిది కాదే" అంది లక్ష్మీదేవమ్మ. "తీసి పక్కన పెడదామా?"

గట్టు మీద సంచి భుజాన వేసుకొని వెంకటేశ్వర్లు నిలబడి ఉన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నాదేనమ్మా. మనిషి లేకపోయినా వంతు పోదని ఈడనే నేర్చుకున్నా. ఇంకా రెండూళ్లలో బాయిలుండాయి. అవి అయిపోతూనే మా నాయనను తోడుకోని వస్తా. ఆమెకు ఇష్టం లేకుంటే... చెంబు పక్కన పెట్టండి."

అందరూ రామసుబ్బమ్మ వైపు తిరిగారు. అవ్వ చెవి ముందుకు వంచింది.

రామసుబ్బమ్మ అవ్వ చెవి వైపు చూడలేదు. "కదిలించొద్దండి" అంది, అందరికీ వినపడేలా. "అది ఆయన వంతు."

"ఓహో!" అంది అవ్వ. "అట్లయితే పోయి రా నాయనా. చెంబుకు నేను కాపలా."

రెండు నెలలు ఆమె బిందె వెనకే ఆ చెంబు మెట్టు మెట్టూ జరుగుతూ వచ్చింది. నీళ్లిప్పుడు ధారాళంగా ఉన్నాయి, వరసలతో పని లేదు. అయినా ఆమె వరస తప్పలేదు. లక్ష్మీదేవమ్మ రోజూ అడిగేది, "మీ చెంబు బాగుండాదా మ్మే?"

మృగశిర కార్తెలో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, మూడేళ్ల బాకీ తీర్చుకున్నట్టు వాన దంచింది. రామసుబ్బమ్మ చెంబు కోసం బావి దగ్గరికి పరుగెత్తింది. అది అంచు దాకా నిండి పొర్లుతోంది.

గట్టు మీద, తడిసి ముద్దయిన ఇద్దరు మనుషులు. ఒకరు తెల్లమీసాల పెద్దాయన. రెండోవాడి అరచేతులు కాయలు కాచి ఉన్నాయి.

ఆమె చెంబు ఎత్తి పట్టుకుంది. వాన చప్పుడును మించి పిలిచింది.

"రండి! మీ వంతు వచ్చింది."