కరివేపాకు మొదట్లో పోసిన పాలు

పొద్దున్నే ఫెబా వంటింటి తలుపు ఓరగా వేసుకుని కూర్చుంది. గరాటు లాంటి ప్లాస్టిక్ మూతిని రొమ్ముకి ఆనించి, పంపు పిడి నొక్కి వదులుతోంది. పాలు సన్నటి ధారగా సీసాలోకి దిగుతున్నాయి. వరండాలో నాలుగు నెలల మనవరాలిని ఒళ్లో వేసుకున్న రెబ్కాకి ఆ టిక్కు టిక్కు చప్పుడు వింటుంటే ఒళ్లు జలదరించింది.

“బిడ్డ ఎదురుగా ఉంటే పిండుకోవడమేందమ్మాయ్?”

“దానికి పట్టాకే కూర్చున్నానత్తమ్మా. ఈ సీసా పదకొండింటికి, ఇది రెండింటికి. కాయొద్దు. వేణ్ణీళ్లలో పెట్టి, వెచ్చబడ్డాక పట్టండి.”

“రోజూ చెప్తానే ఉంటావు, నేనేమన్నా చిన్నపిల్లనా?”

“చిన్నపిల్ల చిక్కిపోతోందనే కదా నా ఏడుపు.”

వాకిట్లో ఆటో తుడుస్తున్న ఫెబా భర్త ఏసుబాబు తల తిప్పకుండానే అన్నాడు. “శనివారం తూకంలో కూడా పిల్ల బరువు పెరగకపోతే ఉద్యోగం మానెయ్ ఫెబా. ఈ పంపులూ సీసాలూ ఎందుకొచ్చిన గోల?”

ఫెబా సీసాల మూతలు బిగించి ఫ్రిజ్‌లో పెట్టింది. గుంటూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కంప్యూటర్ పని ఆమెది. కూలికి పోయే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, కుర్చీలో కూర్చుని చేసే పని సంపాదించుకుంది. బిడ్డను ముద్దు పెట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని స్కూటీ ఎక్కింది.

పదకొండయింది. రెబ్కా ఫ్రిజ్ తెరిచింది. సీసాల్లో పాలు అడుగున పల్చగా, పైన మీగడలా విడిపోయి ఉన్నాయి. “ప్రభువా, నా పిల్లని కాపాడు” అనుకుంటూ రెండూ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఎవరి కాలూ పడని చోట, కరివేపాకు మొదట్లో ఒంపింది. మూడు వారాలుగా రోజూ ఇలాగే పోస్తుంటే ఆ చెట్టు నవనవలాడుతోంది. పొయ్యి మీద సగం నీళ్లు కలిపిన ప్యాకెట్ పాలు పాప కోసం కాగుతున్నాయి.

“పంపులో రబ్బరు ముక్క మర్చిపోయానత్తమ్మా! అది లేకపోతే చుక్క కూడా రాదు, గడ్డకట్టి ఒకటే సలుపు...” అంటూ పెరట్లోకి వచ్చిన ఫెబా ఆగిపోయింది. రెండో సీసా ఇంకా అత్త చేతిలో వంగే ఉంది.

“ఎన్నాళ్లనుంచి?”

రెబ్కా సీసాని కొంగు చాటుకి తీసుకుంది.

“ఎన్నాళ్లనుంచని అడుగుతున్నా!”

“నువ్వు డ్యూటీకెక్కిన కాణ్ణుంచి.”

“మిరపఘాటుకి దగ్గుకుంటా, రికార్డుల గదిలో గోడవైపు తిరిగి కూర్చుని, చెయ్యి తిమ్మిరెక్కేదాకా తీస్తున్నా. చెట్టుకి పొయ్యడానికా? మీ అబ్బాయి మానెయ్యమంటుంటే పక్కనే ఉన్నారుగా! నేను పనికి పోవటం ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పాల్సింది.” ఫెబా మెట్టు మీద కూలబడింది.

“ఉద్యోగం సంగతి కాదు తల్లీ! పిండిన పాలు పిల్లకి పట్టడానికి నాకు చెయ్యి రాలా.”

రెబ్కా సీసా కింద పెట్టింది. “ఏసుబాబు కంటే ముందు నాకో ఆడపిల్ల. మహిమ. అయిదో నెలలో మా అమ్మ దగ్గర వదిలి, పొదిలి అవతలికి మిరపకాయ కోతలకి పోయా. పాలు నిండి నాకు జొరమొచ్చేది. మేస్త్రీ చూడకుండా మిరప సాళ్లలో కూర్చుని మట్టిలోకి పిండేదాన్ని. పదమూడో రోజు కబురొచ్చింది. పిల్లకి జొరమొచ్చిందంట. నేను పోయేసరికే మట్టి చేశారు. పిల్ల పోయినా పాలు ఆగవుగా, నెల రోజులు గోడకి పిండుకున్నా. బిడ్డ పోయినోళ్లే పిండుకుంటారమ్మా. నువ్వా పిడి నొక్కినప్పుడల్లా, ఈ పిల్ల కూడా...”



ఫెబా కోపం చల్లారలేదు. లోపల పాప ఏడ్చింది. ఆ ఏడుపుకి ఆమె జాకెట్టు తడిసింది. గబగబా వెళ్లి పిల్లని ఒక పక్క రొమ్ముకి ఆనించుకుంది. రెండో పక్కనుంచి పాలు కారిపోతున్నాయి.

“అత్తమ్మా, మరగబెట్టిన గిన్నెలో రబ్బరు ముక్క ఉంది, చేతులు కడుక్కుని తీసుకురండి.” గొంతు ఇంకా కటువుగానే ఉంది. ఒంటిచేత్తో దాన్ని అమర్చి పంపు ఆనించుకుంది. “పాపని పట్టుకోవాలి, ఇది పట్టుకోవాలి. పిడి మీరు నొక్కండి.”

“నేనా?”

“మీరే.”

మొదట చుక్క పడలేదు. రెబ్కా మళ్లీ నొక్కింది. నాలుగోసారికి తెల్లటి ధార సీసా గోడను తాకింది. ఒక పక్క పిల్ల గుటకలు, మరో పక్క సీసాలోకి పాలు. పాప చిన్న అరచెయ్యి వచ్చి రెబ్కా వేళ్ల మీద పడింది. ముసలామె కళ్లు తుడుచుకోకుండానే నొక్కుతూ పోయింది.

“మహిమని జ్వరం తీసుకుపోయిందత్తమ్మా. మీ పాలు కాదు.”

రెబ్కా వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఇవాళ మీ అబ్బాయికి జరిగింది మీరే చెప్పాలి.”

“చెప్తానమ్మా.”

సీసాలో పాలు సగానికి పైగా నిండాయి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఫెబా మళ్లీ పనికి వెళ్లిపోయింది. రెండింటికి పాప లేచింది. రెబ్కా అప్పటికే ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత వెండి ఉగ్గుగిన్నె తీసి, చింతపండుతో తోమి, మరిగించి పెట్టింది. మహిమ తాగిన గిన్నె అది. పాలు వెచ్చబెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని, గిన్నె మూతి పాప పెదవులకు ఆనించింది.

“తాగు తల్లీ, మీ అమ్మ నీకోసమే పెట్టెళ్లింది.”

పాప గుటక వేసింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా రెబ్కా పిల్ల గొంతు వైపే చూస్తూ కూర్చుంది.