నాకు చోటు దొరికిందా?

ఆ గొంతుల ఆసుపత్రిలో నేల కింద ఉన్న గాజు గది పేరెత్తితే చాలు, నర్సులు మాట మార్చేసేవాళ్లు.

ఆపరేషన్‌తో మాట పోయేవాళ్లు ముందురోజు ఆ గదిలో కూర్చుని తమ మాటలు రికార్డు చేసుకుంటారు. తర్వాత ఫోన్లో మీట నొక్కితే వాళ్ల గొంతే పలుకుతుంది... "అన్నం తిన్నావా?" అనో, "గొడుగు మర్చిపోకు" అనో. బయటి చప్పుడు రాకూడదనే ఆ గదిని నేల కింద కట్టారు. అయినా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకి, మాట్లాడే మనిషి గొంతు వెనకాల ఇంకెవరివో గుసగుసలు వినిపిస్తాయిట. రికార్డు చేసుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు మరి. పోయాక కూడా కబుర్లు మానలేదని చెప్పుకునేవాళ్లు.

రికార్డింగ్ పనివాళ్లు ఇద్దరు చెప్పాపెట్టకుండా మానేశారు కూడా.

మా వదిన అక్కడ కంప్యూటర్ల ఇంజనీరు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. ఒక్క ముక్క కలిపితే ఒట్టు.

ఆ సాయంత్రం లెక్కల టీచరమ్మ ఒకావిడ రికార్డింగుకి కూర్చుంది. తెల్లారగానే ఆపరేషన్. రెండు మాటలు చెప్పిందో లేదో, తెర మీద ఎర్ర అక్షరాలు. డిస్కు నిండిపోయింది. చోటు లేదు.

"రేపు చూద్దాంలెండి," అన్నారెవరో అలవాటు కొద్దీ.

టీచరమ్మ బొంగురుగా నవ్వింది. "రేపు నా దగ్గర గొంతుండదు నాయనా."

ఆ మాటకి మా వదిన ముందుకొచ్చింది. "మీరు వార్డుకెళ్లి పడుకోండి. రాత్రికి చోటు చేసి నేనే లేపుతాను," అంది.

ఆసుపత్రికి ఉన్నది ఒకటే పెద్ద సర్వర్, అదీ ఆ గాజు గది బయటే. దాని లోపల చాలా ఉత్తుత్తి కంప్యూటర్లు, ఉమ్మడి ఇంట్లో కాపురాల్లాగా. డిస్కులో ఎవరి వాటా వాళ్లది. పాత ఎక్స్‌రేల వాటా సగం ఖాళీ, గొంతుల వాటా కిక్కిరిసిపోయింది. మధ్యలో గోడ కాస్త అటు జరపాలి. వినడానికి అంతే! కానీ గోడ జరుగుతుండగా కరెంటు పోయిందా, రెండు వాటాలూ గోవిందా. నెల కిందటిదాకా చేరిన గొంతులకైతే ఇంకోచోట నకలుంది. ఈ నెలలో చెప్పుకున్నవాళ్ల మాటలు అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు.

రాత్రి అంతా సద్దుమణిగాక వదిన కిందికి దిగింది. తోడుగా వాచ్‌మన్ బాబాయ్. మీసాలు చూస్తే పులి. గుండె మాత్రం... చెప్తాను వినండి.

వదిన ఎక్స్‌రేల వాటాని కుదించమని ఆజ్ఞ ఇచ్చింది. తెర మీద, పని ఎంతయిందో చూపించే గీత చీమలా పాకడం మొదలెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

టప్! లైట్లారిపోయాయి.

"అమ్మాయిగారూ..."

"భయపడకండి బాబాయ్. గుమ్మం దగ్గర మనిషి కదలకపోతే అవే ఆరిపోతాయి. అక్కడ నిలబడి చెయ్యి ఊపండి."

బాబాయ్ చేతులు రెండూ ఊపాడు. వెలిగాయి. ఆగాడు. ఆరిపోయాయి. మళ్లీ ఊపాడు. అలా మీసాలాయన ఒంటరిగా డాన్సు కడుతుంటే, వదినకి నవ్వాగక కళ్లలో నీళ్లు తిరిగాయట.

ఎంతసేపని ఊపుతాడు? చేతులు పడిపోయి కుర్చీలో కూలబడ్డాడు. మళ్లీ చీకటి. తెర మీద గీత ఒక్కటే నీలంగా మెరుస్తోంది.

అప్పుడు వినిపించాయి... మెట్ల మీద అడుగులు.

చెప్పుల్లేని అడుగులు. ఒకటి దిగడం, ఆగడం. ఇంకోటి దిగడం, ఆగడం...

తలుపు కిర్రుమంది. చీకట్లోంచి, గరగరలాడుతూ ఒక గొంతు.

"నాకు... చోటు... దొరికిందా?"

"లేదు! చోటు లేదు! మొత్తం నిండిపోయింది, వెళ్లిపో తల్లీ!" అని అరుస్తూ బాబాయ్ బల్ల కిందికి దూకాడు. దూకుతూ దూకుతూ కాలితో ఏదో లాగాడు.

సర్వర్ వైరు!

వదిన దెయ్యాన్ని మర్చిపోయింది. చీకట్లో నేల మీదికి పడి, వైరు పట్టుకుని తడుముకుంటూ పోయి, జారిపోతున్న ప్లగ్గుని అరచేత్తో గోడకేసి అదిమింది. పైన తెర ఒకసారి మినుకుమని... నిలబడింది.

"నిండిపోవడమేంటి?" అంది ఆ గొంతు, కొంచెం కోపంగా. "ఇంజనీరమ్మాయి చేస్తానందే!"

ఒక అడుగు ముందుకేసింది. ఆ కదలికకి లైట్లు వెలిగాయి.

గుమ్మంలో ఆసుపత్రి తెల్ల దుప్పటి కప్పుకుని టీచరమ్మ. నేల మీద బోర్లాపడి ప్లగ్గుని కావలించుకున్న మా వదిన. బల్ల కింద పులి.

ముందు ఎవరు నవ్వారో తెలీదు. ముగ్గురికీ పొట్టలు నొప్పెట్టాయి.

"నిద్రపట్టలేదే అమ్మాయ్," అంది టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మా ఆయన పైన గుర్రుపెడుతున్నాడు. చోటు సంగతి కనుక్కుందామని వచ్చా."

గీత చివరిదాకా పాకేవరకూ వదిన ప్లగ్గు వదల్లేదు. తర్వాత మిగిలిన చోటంతా గొంతుల వాటాకి కలిపింది. గోడ జరిగింది! టీచరమ్మ గాజు గదిలోకెళ్లి తలుపేసుకుంది. వదిన బయట హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"ఏవండీ, పాలు పొంగుతున్నాయి!" "కళ్లజోడు మీ నెత్తి మీదే ఉంది!" మధ్యలో పకపకా నవ్వు.

"నవ్వులు తీసెయ్యనా?" అని మైకులో అడిగింది వదిన.

"తీస్తే ఊరుకోను. మాటైతే రాసి చూపిస్తాను. నవ్వెలా రాయనూ?"

వదిన నవ్వుల్ని అలాగే ఉంచేసింది. సరిగ్గా అప్పుడే హెడ్‌ఫోన్స్‌లో...

గుసగుస.

వైరు వదులైందేమోనని కదిపింది. ఆగలేదు. ఒకరు కాదు, నలుగురైదుగురు. ఏదో చెప్పుకుని కిసుక్కున నవ్వుతున్నారు. గాజు గదిలో చూస్తే టీచరమ్మ ఒక్కతే. లోపల టీచరమ్మకీ వినిపించినట్టుంది, మాట ఆపింది. తల కొంచెం పక్కకి వంచింది. ముప్పయ్యేళ్లు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పిన మనిషి... వెనక్కి చూడనైనా చూడకుండా, గొంతులో ఉన్నదంతా కూడదీసుకుని ఒక్క అరుపు.

"ఏయ్ వెనక బెంచీ! ఏంటా గుసగుసలు?"

ఠక్కున నిశ్శబ్దం.

తర్వాత, ఆడో మగో తెలియని చిన్న గొంతు, బుద్ధిగా...

"సారీ, టీచర్."

ఆపరేషన్ బాగానే జరిగింది. రికార్డింగ్ విన్న డాక్టరుగారు ముఖం చిట్లించి, చివర్లో ఆ ముక్క కత్తిరించమంటారా అని అడిగారు. టీచరమ్మ మంచం మీదే లేచి కూర్చుని, పలక అందుకుని రాసింది.

"వద్దు. తప్పు ఒప్పుకున్నవాళ్లని క్లాసులోంచి బయటికి పంపకూడదు."