గిడ్డయ్య వాల్వు, డాక్టరు బుడగ

"ఈ పేజీ టైప్ చెయ్యను," అంది తారాబాయి, మెషిన్ మీద నుంచి చేతులు తీసేసి.

వాదిరాజ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సర్జరీ పీజీ చివరి ఏడాది. సోమవారం లోపల థీసిస్ కర్నూలులో ఇవ్వకపోతే ఆరు నెలలు వెనక్కి పోతాడు. అంకెల టేబుళ్లు తప్పు లేకుండా కొట్టేది ఎమ్మిగనూరు తారాబాయేనని అందరూ చెబితే, ఆ గురువారం వానలో గొడుగైనా లేకుండా కర్నూలులో ఆదోని బస్సెక్కి ఇక్కడ దిగాడు.

"ఏమైంది మేడమ్? రిబ్బన్ అయిపోయిందా?"

"రిబ్బన్ బాగానే ఉంది. మీ రెండో టేబులే బాగలేదు. గుండె నుంచి కిందికొచ్చే పెద్ద రక్తనాళంలో బుడగ పెట్టి ఊదుతారు, అంతేనా?"

"అంతే. కడుపులో రక్తం కారిపోతాంటే పైన బుడగ అడ్డం పెడతాం. అప్పుడు ఏ అవయవానికి ఎంత రక్తం పోతాందో కుక్కల మీద కొలిచినాం."

"మరి బుడగకు కిందుండే కిడ్నీకి రక్తం పెరిగి, పైనుండే మెదడుకు తగ్గిందని రాసినారేమి?"

"మీ పని టైపింగు. మెడిసిన్ నాకు వదిలెయ్యండి."

అనేశాక తనకే చివుక్కుమంది. కానీ డాక్టరు కదా, వెంటనే ఒప్పుకుంటాడా!

మూలన స్పీడు పరీక్ష పేపర్లు దిద్దుతున్న సేతుమాధవరావు తలెత్తలేదు. ఈ టైపు ఇన్‌స్టిట్యూట్ ఆయనదే, తారాబాయి ఆయన కూతురే.

తారాబాయి కిటికీ దగ్గరికి పోయింది. వీధి మొదట్లో, ఊరికి నీళ్లు వదిలే గిడ్డయ్య, నెత్తిన గోనెసంచి కప్పుకుని, నీళ్ల పైపు వాల్వు తిప్పుతున్నాడు.

"గిడ్డన్నా! అప్పుడే కట్టేసినావా?"

"కట్టేసినా పాపా! మీకింక ఎల్లుండే. పై వీధోళ్లకు ఇప్పుడు జోరుగా వస్తాయి సూడు!"

ఆమె వాదిరాజ వైపు తిరిగి, వేలితో రెండో టేబుల్ చూపించింది. కళ్లు నవ్వుతున్నాయి.

వాదిరాజ గబగబా నోటుబుక్కు తెరిచాడు. టేబుల్లో కిడ్నీ అంకెలు మెదడు పక్కన, మెదడు అంకెలు కిడ్నీ పక్కన పడ్డాయి. బస్సులో మోకాలి మీద పెట్టుకుని ఎత్తి రాసిన ఫలితం! ఇదే ఎగ్జామినర్ కంట పడుంటే మూడేళ్ల పని నవ్వులపాలయ్యేది.

"తప్పు నాదే. ఇందాక అట్లా అనకూడదు."

"ఒప్పుకుంటే సాలు. కూర్చోండి, కొడతా."

శనివారం మధ్యాహ్నానికి కృతజ్ఞతల పేజీ ఒక్కటే మిగిలింది. ప్రొఫెసర్ల పేర్ల కింద వాదిరాజ ఇంకో మాట రాసి, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. "రెండో టేబుల్ దిద్దిన తారాబాయికి కృతజ్ఞతలు. ఆమె నన్ను పెళ్లి చేసుకుంటే ఇంకా సంతోషం."

టకటకలు ఆగాయి. తారాబాయి ఆ కాగితం పట్టుకుని తండ్రి దగ్గరికి పోయి, చెవిలో ఏదో చదివి వచ్చింది. మెషిన్ మళ్లీ టకటకలాడి, పేజీ బయటికి వచ్చింది. పెళ్లి మాట అందులో లేదు.

"అది ఎగ్జామినర్లకెందుకు?" అంది తారాబాయి తల దించుకుని.

వాదిరాజ ముఖం వాడిపోయింది. కాగితాలు సర్దుకుని లేచాడు.

"కూర్చోప్పా," అన్నాడు సేతుమాధవరావు, కళ్లద్దాలు తీసి. "ఆ పెళ్లి మాటే నా చెవిలో చదివింది మా పాప. నిమిషానికి అరవై మాటలు కొట్టే పిల్ల, నీ ఎనభై పేజీలకు మూడు దినాలు తీసుకునింది. నాకు నిన్ననే అనుమానమొచ్చింది."

"నాయనా!" అంది తారాబాయి, ముఖం ఎర్రబడి.

"మీ అమ్మానాయనలను పిల్చుకొని రాప్పా. నాకు ఇష్టమే."

వాదిరాజ ఒక్క గెంతులో గుమ్మం దాటాడు. "రేపే పిల్చుకొస్తా సార్!"

"రేపొద్దు," తారాబాయి కిటికీలోంచి కేకేసింది. "రేపు గిడ్డన్న మా వాల్వు తిప్పడు. కాఫీకి నీళ్లుండవు. సోమవారం థీసిస్ ఇచ్చేసి, నీళ్లొచ్చే బుధవారం రండి!"