గట్టు మీది మకాంలో గొంతు

కొల్లేటి పక్కన ఆ చెరువు గట్టుకి చెడ్డపేరు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కానీ వచ్చాక, పొద్దుగూకితే ఆ దారిన పోవాల్సినవాళ్ళు కూడా బురదలో చుట్టు తిరిగి పోతున్నారని చెప్పుకుంటారు.

గట్టు మీద ఓ మకాం. మకాం అంటే మరేం లేదు, రొయ్యల చెరువుకి కాపలా ఉండేవాళ్ళు పడుకునే గది. సిమెంటు ఇటుకల గోడలు, పైన రేకులు, ఒకటే తలుపు. ఆ తలుపుకి తాళం.

లోపల ఎవరూ లేరు. లేరని అందరికీ తెలుసు.

అయినా లోపల్నుంచి ఓ మగగొంతు పిలుస్తుంది...

"లేవండయ్యో... ఊపిరాడట్లేదు... ఎవరన్నా రండి..."

రోజూ కాదు. మబ్బు పట్టిన రోజుల్లోనే ఎక్కువ. మేత వేసేవాళ్ళు విన్నారు, ఐసు లారీ డ్రైవరు విన్నాడు. విన్నవాళ్ళందరిదీ ఒకటే మాట — అది ఏసుకుమార్ గొంతు.

ఏసుకుమార్ పోయింది ఆ మకాంలోనే. తుఫాను రాత్రి కరెంటు పోతే, చెరువులో నీళ్ళు చిలికి రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోకూడదని, వాటికి మాత్రమే కలిపిన జనరేటరు వేశాడు. వాన కొడుతోందని జనరేటరుని లోపలికి లాక్కుని తలుపు మూశాడు. పొగ గదంతా కమ్మేసింది. తెల్లారి చూస్తే, గడపకి అడ్డంగా బోర్లా పడి ఉన్నాడు.

చెరువు ఆసామి గంగాధరరావు మకాంకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే గొంతు మొదలైంది.

జాయ్సీకి ఈ గొంతు సంగతేం తెలియదు. తాడేపల్లిగూడెంలో స్టేషను దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఆమెది. గంగాధరరావు చెరువు కంప్యూటరులో పాత విండోస్ ఊరికే ఆగిపోతోందని, ఎండాకాలంలో దాన్ని తీసేసి లైనక్సు వేసింది ఆమే. వేసినప్పుడు అన్నీ బాగానే పనిచేశాయి.

ఆ రోజు పొద్దున్నే ఫోను.

"ఏవమ్మా జాయ్సీ, నువ్వు పెట్టిన ఆ లైనక్సుకి నోరు పడిపోయింది. అలారం మోగలేదు. ఓ చెరువు రొయ్యలన్నీ తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. ఇవాళ నువ్వొచ్చి బాగుచేస్తావా, నన్నొచ్చి నీ కొట్టు ముందు కూర్చోమంటావా?"

గొంతు పెంచలేదాయన. ఆ నెమ్మదే జాయ్సీని భయపెట్టింది.

ఆమె స్కూటీ గట్టెక్కేసరికి చీకటి పడుతోంది. పగలంతా సూర్యుడు కనపడలేదు. సన్నగా తుంపర. మకాం ఎదురుగా, తలమీద ఎరువు సంచీ కప్పుకుని ఒకామె కూర్చుని ఉంది. స్కూటీ లైటు పడినా కదల్లేదు.

"ఏవండీ... ఆ మిషను పెట్టింది మీరేనా?"

"నేనేనండి. మీరు..."

"కుసుమని. ఏసుకుమార్ భార్యని." ఆమె చూపు మకాం తలుపు మీదే ఉంది. "రాత్రిళ్ళు నిద్ర మానుకుని మా ఆయన ఆ మిషనుకి కాపలా ఉన్నాడండి. మా ఆయనకి మాత్రం ఎవరూ కాపలా లేకపోయారు."

జాయ్సీ స్కూటీ లైటు ఆర్పింది. కుసుమే మళ్ళీ అంది, "ఆయన పెట్టె లోపలుండిపోయిందండి. తలుపు తీయమంటే తీయట్లేదు. దెయ్యం పెళ్ళానివి, నువ్వు పిలిస్తే ఇంకా రెచ్చిపోతాడు, పొమ్మంటున్నారు."

మకాంకి వల విసిరితే అందేంత దూరంలో ఆఫీసు గది. గంగాధరరావు కుర్చీలోంచి లేవలేదు. కూర్చోమనీ అనలేదు. కాపలా మనిషి నిత్యానందం గుమ్మం దగ్గర టార్చి పట్టుకుని, మకాం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

జాయ్సీ ముందుగా ఓ పాట పెట్టింది. బల్ల మీద చిన్న స్పీకర్లలోంచి పాట గలగలా వచ్చింది. అంటే స్పీకర్లు బాగానే ఉన్నాయి, లైనక్సూ మాట్లాడుతోంది. మూగబోయింది ఆ ఒక్క ప్రోగ్రామే — నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తూ, తగ్గితే అలారం కొట్టే ప్రోగ్రాము.

"ఇది విండోస్ కోసం రాసిందండి. లైనక్సులో నేరుగా నడవదు. మధ్యలో వైన్ అని ఒక దుబాసీ ఉంటుంది..."

"వైనా?" గంగాధరరావు పెదవి ఓ పక్కకి వంకరపోయింది. "ఓహో, మా కంప్యూటరుకి మందు అలవాటు చేశావన్నమాట. అందుకే నోరు తిరగట్లేదు."

నిత్యానందం నవ్వలేదు. జాయ్సీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వైన్ సెట్టింగుల్లోకి వెళ్ళి చూసింది. తప్పేం లేదు. ప్రోగ్రాము తెరిచి అలారం పరీక్షించే మీట నొక్కింది. గదిలో చప్పుడు లేదు. స్పీకరు వాల్యూము పెంచి మళ్ళీ నొక్కింది. చప్పుడు లేదు...

గుమ్మంలో టార్చి కింద పడింది.

"అయ్యా..." నిత్యానందం పెదవులు పాలిపోయాయి. "పిలుస్తున్నాడండి... రెండుసార్లు పిలిచాడు..."

"నోర్ముయ్యి," అన్నాడు గంగాధరరావు. కానీ టీ గ్లాసు బల్ల మీద పెట్టి గుమ్మం వైపు తిరిగాడు.

ముగ్గురూ చెవులు రిక్కించారు. రేకుల మీద తుంపర. కప్పలు. ఇంకేం లేదు.

"వీళ్ళ మాటలు పట్టించుకోకు. నీ పని చూడు."

జాయ్సీ సౌండు సర్వీసుని ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. మీట నొక్కింది.

గదిలో నిశ్శబ్దం. తెరిచున్న తలుపులోంచి, చీకట్లోంచి —

"లేవండయ్యో... ఊపిరాడట్లేదు... ఎవరన్నా రండి..."

జాయ్సీ ఒళ్ళంతా గగుర్పొడిచింది. "యేసయ్యా..." అంది లోలోపలే. మౌస్ మీంచి చెయ్యి తీయడానికి కూడా ధైర్యం చాలలేదు. గొంతు ఆగింది. ఆగి, మళ్ళీ రాలేదు. చాలాసేపు రాలేదు.

నేను నొక్కినప్పుడే ఎందుకొచ్చింది?

ఆ ప్రశ్న తట్టాక భయం పోలేదు గానీ, చెయ్యి కదిలింది. ఏ ప్రోగ్రాము శబ్దం ఎటు పోతోందో చూపించే కిటికీ ఒకటుంది లైనక్సులో. అది తెరిచి పెట్టుకుని, మీట మళ్ళీ నొక్కింది.

తెర మీద ప్రోగ్రాము పేరు పక్కన ఆకుపచ్చ గీత ఎగిసింది. బయట గొంతు అరిచింది. గీత పడిపోయింది. గొంతు ఆగింది.

ప్రోగ్రాము మూగది కాదు. ఇన్నాళ్ళూ అరుస్తూనే ఉంది. కాకపోతే ఇక్కడ కాదు. గీత కింద, శబ్దం చేరాల్సిన చోటు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది.

ఏసు మకాం.

"మకాం లోపల ఏముందండీ?" అంది గుసగుసగా.

"కొంగల్ని తోలే హారనండి," అన్నాడు నిత్యానందం. "వాడు పోయేముందే బిగించాడు. బ్లూటూత్‌దంట. కానీ దానికి కరెంటెక్కడిదండి? ఆ గది ఫ్యూజు నా చేత్తో నేనే పీకాను. అందుకే కదా, ఇది వాడేనని..."

"బ్యాటరీ ఉందా దానికి?"

నిత్యానందం ఆసామి వైపు తిరిగాడు. గంగాధరరావు నెమ్మదిగా అన్నాడు, "రేకుల మీద సోలారు పలక ఉంది."

జాయ్సీ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "అదేనండి. పడుకునే చోట అలారం వినపడాలని, ఈ ఒక్క ప్రోగ్రాము శబ్దాన్ని ఆయన ఆ హారనుకి కలుపుకున్నాడు. లైనక్సు దాన్ని గుర్తుపెట్టుకుంది. పాటలూ అవీ ఈ స్పీకర్లకే వస్తాయి. ఇది మాత్రం నోరు తెరిచినప్పుడల్లా అక్కడికే పోతోంది. ఆయన పోయారని దానికేం తెలుసండి?"

శబ్దాన్ని బల్ల మీది స్పీకర్లకి మార్చి మీట నొక్కింది.

"లేవండయ్యో!" — చెవి పక్కనే. గంగాధరరావు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"వాడి రికార్డే అది," అన్నాడు నిత్యానందం గోడకి అతుక్కుపోయి. "బీప్ బీప్‌మంటే నాకు మెలకువ రావట్లేదని, రొయ్యలకి నోరుంటే ఎలా అరుస్తాయో అలా అరిచి సెల్లులో రికార్డు చేశాడండి. మిషనుకి నోరు పోయిందన్నారు, హారనుకి కరెంటు లేదు... ఇక వాడు కాక ఎవడనుకుంటానండి?"

గంగాధరరావు నవ్వు మొదలెట్టాడు. భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు మధ్యలో —

"లేవండయ్యో... ఊపిరాడట్లేదు..."

నవ్వు తెగిపోయింది. ఇద్దరూ జాయ్సీ వైపు చూశారు. ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"నేను నొక్కలేదండి," అంది.

తెర మీద అంకె ఎర్రగా వెలుగుతోంది. చూస్తుండగానే ఇంకా పడింది. పగలంతా ఎండ లేదు, ఎండ లేకపోతే నీళ్ళలో నాచు ఆక్సిజన్ వదలదు. నీళ్ళలో ఆక్సిజన్ నిజంగానే అయిపోతోంది.

"ఏరియేటర్లు! వెయ్యండి!"

నిత్యానందం కదల్లేదు. ఏరియేటర్ల మీటలున్నది మకాం బయటి గోడకి. అప్పుడు అర్థమైంది జాయ్సీకి — మొదటి చెరువు ఎలా పోయిందో. ఆ రాత్రి కూడా అలారం అరిచింది. గొంతు చించుకుని అరిచింది. విన్న ప్రతివాడూ దానికి దూరంగా పరిగెత్తాడు.

కింద పడ్డ టార్చి తీసుకుని ఆమె పరిగెత్తింది. బురదలో కాలు జారింది, మోచెయ్యి కొట్టుకుపోయింది. మకాం గోడ దగ్గరికి చేరేసరికి కుసుమ అప్పటికే లేచి నిలబడి ఉంది.

"ఏ మీటండీ?"

"అన్నీ! అన్నీ వేసేయండి!"

కుసుమ ఒక్కో మీటా పైకి నెట్టింది. చీకట్లో చెరువు ఒక్కసారిగా బుసకొట్టింది. చక్రాలు నీళ్ళని చిలకడం మొదలెట్టాయి. టార్చి వేసి చూస్తే, గట్టు వార రొయ్యల కళ్ళు నిప్పుకణికల్లా వేలకి వేలు. గాలి కోసం పైకొచ్చి కొట్టుకుంటున్నాయి. ఆడవాళ్ళిద్దరూ పక్కపక్కనే నిలబడి వాటినే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి ఆ కళ్ళు ఒకటొకటిగా కిందికి దిగాయి.

గంగాధరరావు గొడుగేసుకుని వచ్చాడు. ఈసారి అడగకముందే తాళంచెవి తీశాడు.

తలుపు తీస్తే కాలిన డీజిలు వాసన ఇంకా గోడల్లోనే ఉంది. కుసుమ ముందు వెళ్ళింది. మూల ఇనప పెట్టె. పైన అటక మీద హారను, దాని డబ్బాకి నీలం దీపం మిణుకుమిణుకుమంటోంది.

"ఇదిగో, మన దెయ్యం," అన్నాడు గంగాధరరావు. హారను వైరు పట్టుకుని లాగాడు. దీపం ఆరిపోయింది. "అనవసరంగా నిన్ను మాటలన్నానమ్మా జాయ్సీ. ఏవనుకోకు."

అప్పుడు నిత్యానందం గడప దాకా వచ్చాడు. అన్నాళ్ళకి మొదటిసారి. ఆ దీపం ఆరడం చూసి ఆయన మొహం విప్పారింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వేస్తున్నాడు.

"హమ్మయ్య... హమ్మయ్యండి. అయితే తుఫాను రాత్రి నేను విన్నదీ ఇదేనన్నమాట! ఎవరికీ చెప్పుకోలేక ఎంత కుమిలిపోయానో ఆ దేవుడికే తెలుసు. ఊపిరాడట్లేదు, రండి, రండి అని ఒకటే అరుపు. మిషనే కదా, ఏసు చూసుకుంటాడులే అని ఆఫీసు గదిలో దుప్పటి ముసుగేశాను. తెల్లారి వాణ్ణలా చూశాక... ఆ అరిచింది వాడేనేమోనని... ఇన్నాళ్ళూ అన్నం సయించలేదండి. మిషనే! మిషనేనండి అది!"

గంగాధరరావు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

కుసుమ పెట్టె ఎత్తుకుని లేచింది. నిత్యానందం వైపు చూడలేదు. జాయ్సీ వైపు తిరిగింది.

"ఏవండీ... ఆ కంప్యూటరు కరెంటు లేకుండా మాట్లాడుతుందాండీ?"

ఆ తుఫాను రాత్రి జిల్లా అంతా చీకటే. గూడెంలో తానూ కొవ్వొత్తి ముందు కూర్చుంది జాయ్సీ. మాట్లాడుతుందండి, లోపల బ్యాటరీ ఉంటుంది... అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోతుంది. నిత్యానందం ఆమె నోటి వైపే ఆశగా చూస్తున్నాడు. కుసుమ కూడా చూస్తోంది.

"మాట్లాడదండి," అంది జాయ్సీ.

కుసుమ తలూపింది. పెట్టె చంకన పెట్టుకుని, నిత్యానందం పక్కనుంచే గడప దాటి, గట్టు వెంట వెళ్ళిపోయింది. నిత్యానందం నవ్వు మాత్రం, దాన్నెలా దించుకోవాలో తెలియనట్టు, మొహం మీద అలాగే ఉండిపోయింది.

హారను తీసేశారు. అలారానికి ఇప్పుడు మామూలు గంట మోత పెట్టారు. మకాంలోంచి ఏ గొంతూ రావట్లేదు, ఆ దారిన జనం మళ్ళీ నడుస్తున్నారు. నిత్యానందం ఆ పని మానేసి ఏలూరులో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఉన్నట్టుండి లేచి, ఎవరూ పిలవకుండానే, చీకట్లో తలుపు గడియ కోసం తడుముకుంటాడట...

"వస్తున్నానురా ఏసూ... వస్తున్నా..."