దీవి నుంచి వచ్చిన అయిదు ఉత్తరాలు

1959 నవంబరు. గుంటూరులో ముసురు పట్టి మూడు రోజులైంది. కొత్తపేటలో పత్తిగింజల కొట్టు మీద ఉన్న గదిలోకి, ఆ మధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చి, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తోచక చేత్తో పట్టుకునే నిలబడిపోయింది. తలుపు పక్కన రేకు మీద ‘గింజుపల్లి యలమందయ్య, ప్రైవేటు డిటెక్టివ్’ అని రాసి ఉంది. ఆయన సహాయకుడు సిలార్ లేచి గొడుగు అందుకున్నాడు. 

సిలార్‌కి నలభై దాటాయి. భార్య పోయిన దగ్గర్నుంచి లాడ్జి గదిలో ఒక్కడే ఉంటాడు. పొద్దున నోరు విప్పి మాట్లాడాలంటే ఈ ఆఫీసుకి రావాల్సిందే. అందుకే వచ్చినవాళ్ళలో ఇంట్లో మనిషి లేనివాళ్ళని అతను ఇట్టే పోల్చుకుంటాడు. ఈమెని చూడగానే పాపం అనిపించింది.

ఆమె పేరు ఖుర్షిదా. బాలికల బడిలో పంతులమ్మ. యలమందయ్య మరచెంబుతో మంచినీళ్ళు ముందుకు జరిపి, తీరిగ్గా చెప్పమన్నాడు. ఆమె చెప్పింది.

ఆమెకి ఉన్నది ఒక్కడే అన్న, అల్లాబక్షు. బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టి పెరిగినవాడు. పొగాకు కంపెనీలో ముప్ఫయ్యేళ్ళు ఆకు రకాలు వేరుచేసే మేస్త్రీగా చేశాడు. అక్కడ మేనేజరుగా ఉన్న మెక్‌ఫెయిల్ దొరకి ఈయనంటే ప్రాణం. దొర రిటైరై స్కాట్లండులో, పడమటి సముద్రంలో ఉన్న తను పుట్టిన దీవికి వెళ్ళిపోతూ, ఎప్పటికైనా మా దీవికి రావాలి అల్లాబక్షూ అని మాట తీసుకున్నాడు. ఇక చూస్కోండి! ఆ దీవికి ఏ రేవు నుంచి పడవ ఉంది, బస్సు ఎన్నిసార్లు తిరుగుతుంది, ఏ ఇంట్లో దిగితే మంచిది అనేదే అల్లాబక్షుకి రోజూ కబురు. దొర పంపిన పటాలూ పడవల టైము కాగితాలూ మంచం మీద పరుచుకుని కూచునేవాడు. వెళ్ళడం మాత్రం పడలేదు. చెల్లెలు పద్దెనిమిదేళ్ళకే భర్తని పోగొట్టుకుని ఇంటికొచ్చింది. ఆమెని వదిలి ఎలా వెళ్ళడమని తను పెళ్ళీ చేసుకోలేదు, ప్రయాణమూ కట్టలేదు.

“ఈ ఏడు నేనే పట్టుబట్టానండీ,” అంది ఖుర్షిదా. “నీ మూలంగా ఆగిపోయాననే మాట నాకొద్దు, వెళ్ళాల్సిందే అన్నాను. ఏప్రిల్లో స్టేషనులో దండలేసి, ఫొటో తీయించి మరీ ఎక్కించారు కంపెనీవాళ్ళు. బొంబాయిలో ఓడ.”

మే నుంచి సెప్టెంబరు దాకా నెలకొకటి చొప్పున అయిదు ఉత్తరాలు వచ్చాయి. తపాలాలో కాదు. కంపెనీ గుమాస్తా బుల్లయ్య, అల్లాబక్షు స్నేహితుడు, తెచ్చి ఇచ్చేవాడు. లండను ఆఫీసు నుంచి వచ్చే సంచిలో పెట్టి పంపుతున్నాడని చెప్పాడు. ఈమె జవాబులు కూడా అతనే తీసుకెళ్ళేవాడు. అక్టోబరులో ఏమీ రాలేదు. నిన్న బడికి, రాణి బొమ్మ ఉన్న స్టాంపుతో మరో ఉత్తరం వచ్చింది. దొర కూతురు రాసింది.

యలమందయ్య దాన్ని విప్పి, తెలుగు చేస్తూ పైకి చదివాడు. ‘మీ అన్నగారి కోసం నాన్న మే నెల్లో వచ్చిన ప్రతి పడవకీ రేవు దగ్గర నిలబడ్డారు. ఆయన రాలేదు. కంపెనీ చిరునామాకి రెండుసార్లు రాస్తే జవాబు లేదు. మీ బడి పేరు పాత ఉత్తరంలో కనిపించి రాస్తున్నాను. నాన్న ఇప్పటికీ మా ఇంటి కిటికీ దగ్గర కూచుని, సముద్రంలో పొద్దు గుంకేదాకా చూస్తుంటారు. మీ అన్నగారు క్షేమమేనా?’

సిలార్‌కి అర్థం కాలేదు. అసలు వెళ్ళనే వెళ్ళని మనిషి ఉత్తరాలెలా రాశాడు?

“చేతిరాత ఎవరిది?” అని యలమందయ్య అడిగాడు.

“మా అన్నదే. కళ్ళు మూసుకుని చెప్పగలను.”

“మరి మీ భయం ఏమిటమ్మా?”

“ఎవరో ఎక్కడో కూచోబెట్టి రాయించారేమోనండీ. ఇప్పుడిక రాయించాల్సిన అవసరం లేక...” ఆమె అన్న ఉత్తరాలు అయిదూ బల్ల మీద పెట్టింది. “నాకు ఒకటే తెలియాలండీ. ఆయన ఉన్నాడా, లేడా?”

ఆమె వెళ్ళాక యలమందయ్య ఆ అయిదు ఉత్తరాలూ మూడుసార్లు చదివి, సిలార్ చేతిలో పెట్టాడు. సిలార్ కూడా చదివాడు. మొదటి దాన్నిండా బస గొడవే. రేవు పక్క హోటల్లో పడవ దిగినవాళ్ళ గోల. దొరగారింట్లో దిగితే ఆయనకీ మొహమాటం, తనకీ తిండి ఇబ్బంది. అందుకని దీవికి పడమటి ఒడ్డున, దొరగారి వరసలోనే నాలుగిళ్ళ అవతల, ఒక ముసలమ్మ ఇంట్లో గది తీసుకున్నాడట. రెండో దాంట్లో తిరగడం సంగతి. ‘బస్సు రోజుకి రెండుసార్లే. మామూలు రోజుల్లో ఖాళీ, శనివారం మాత్రం కాలు పెట్టే సందుండదు. నేనొక సైకిలు అద్దెకి తీసుకున్నా. అరగంట తొక్కితే కొండ. పైకెక్కితే సముద్రమంతా కనిపిస్తుంది.’ మూడో దాంట్లో, ‘పొద్దున కళ్ళు తెరిస్తే ఎదురుగా నీళ్ళలోంచి సూర్యుడు లేస్తాడు. ఆ కాసేపు సముద్రం మన మిరపకాయల కల్లంలా ఉంటుంది’ అని. తర్వాతి రెండూ పొట్టివి. చివరి దాంట్లో నాలుగే వాక్యాలు. ‘ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నీళ్ళకేసి చూస్తూ కూచుంటా. నువ్వు బాగున్నావుగా. అదే చాలు.’

ఆ ఆఖరి కాగితాన్ని సిలార్ మరోసారి చదివాడు. ఒక గదిలో ఒక మనిషి ఒక్కడే కూచుంటే పొద్దు ఎలా పోదో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మర్నాడు ఖుర్షిదా ఇంటికి వెళ్ళారు. రెండు గదుల పెంకుటిల్లు. అన్న మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది. వంటింటి గోడకి ఒక కంచం, ఒక గ్లాసు. గోడ గడియారం ఆగిపోయి ఉంటే యలమందయ్య కారణం అడిగాడు. కీ ఇచ్చేది మా అన్నేనండీ, నాకు చెయ్యి రాలేదు అంది. జవాబుల్లో ఏం రాశావమ్మా అని అడిగితే, కిందికి చూస్తూ, బాగున్నానని రాశానండీ అంది. యలమందయ్య మరోసారి వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చాడు. ఈయనకి వంటింటితో పనేమిటా అని సిలార్ అనుకున్నాడు గానీ, నాలుగేళ్ళుగా ఆయన్ని చూస్తున్నాడు కనక నోరు మెదపలేదు.

అక్కణ్ణుంచి కంపెనీకి. బుల్లయ్య సన్నగా, నోట్లో నాలుక లేనివాడిలా ఉన్నాడు.

“లండను సంచి ఏ రోజు వస్తుందండీ?” అన్నాడు యలమందయ్య.

“సోమవారం.”

“ఈమెకి ఉత్తరాలు ఏ రోజు ఇచ్చేవారు?”

“అదీ... సోమవారమేనండి.”

“ఉత్తరాల మీద కవర్లు?”

“పారేశానండి.”

“దొర కూతురు కంపెనీకి రాసిన రెండు ఉత్తరాలు కూడా పారేశారా?”

బుల్లయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఆదివారాలు మీరు ఊళ్ళో ఉండరట. నిజమేనా?”

“చుట్టాలున్నారండి.”

యలమందయ్య లేచాడు. “రేపు ఆదివారమే. మేమూ మీతో వస్తాం. ఖుర్షిదమ్మని కూడా తీసుకొస్తాను. పొద్దున బండికి స్టేషనుకి రండి. రాకపోతే పోలీసులకి చెప్పాల్సొస్తుంది.”

బయటికొచ్చాక సిలార్ ఆగలేకపోయాడు. వీడే చంపి ఉంటాడు, బతికుండగా బెదిరించి అయిదు ఉత్తరాలూ ఒకేసారి రాయించుకుని ఉంటాడు, పారిపోతే ఎలా అని గొడవ చేశాడు. పారిపోయే మనిషికి కళ్ళల్లో నీళ్ళెందుకు తిరుగుతాయి సిలారూ అని మాత్రం అన్నాడు యలమందయ్య.

తెనాలిలో బండి మారి, మధ్యాహ్నానికి సింగరాయకొండలో దిగారు నలుగురూ. దారి పొడుగునా ఖుర్షిదా కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. జట్కా వాళ్ళని సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెలోకి తీసుకెళ్ళింది. బుల్లయ్య చూపించిన ఇల్లు మస్తాన్‌బీ అనే ముసలామెది. ఆమె గొంతు ఊరవతలికి వినిపిస్తుంది. ఇంతమంది ఎందుకొచ్చారని ముందు కేకలేసి, తర్వాత వసారాలో చాప వేసింది. పక్కన ఒక గది ఉంది. తలుపు మూసి ఉంది.

యలమందయ్య అందరినీ కూచోబెట్టి, తను గుంజకి ఆనుకుని నిలబడ్డాడు.

“ముందు ఉత్తరాల సంగతి,” అన్నాడు. “దొర కూతురేం రాసింది? వాళ్ళింటి కిటికీలోంచి చూస్తే పొద్దు సముద్రంలో గుంకుతుందని. అంటే సముద్రం వాళ్ళకి పడమర. అదే ఒడ్డున, అదే వరసలో గది తీసుకున్నానన్న అల్లాబక్షు గారికి పొద్దు సముద్రంలోంచే పొడిచింది. ఇలాంటి పొరపాటు మన వైపు వాళ్ళే చేస్తారు. బాపట్ల దగ్గర పుట్టి పెరిగినవాడికి సముద్రమంటే తూర్పే. పొద్దు పొడిచేది అక్కడే. ఆయన మిగతావన్నీ దొర పంపిన కాగితాలు చూసి రాశారు. ఇదొక్కటి మాత్రం కళ్ళారా చూసింది రాశారు. కనక మనిషి మన ఒడ్డునే ఉన్నాడు.”

ఖుర్షిదా చాప అంచు గట్టిగా పట్టుకుంది.

“మన ఒడ్డు పొడుగునా ఎక్కడని వెతుకుతాం? అరగంట సైకిలు తొక్కితే కొండ ఉందన్నారు. బాపట్ల నుంచి ఇటు ఒడ్డు దగ్గర్లో అంతా చదును నేలే, ఈ కొండ తప్ప. శనివారం బస్సులో చోటుండదన్నారు. కొండ మీద నరసింహస్వామి ఉన్న ఊళ్ళో శనివారం బస్సు ఖాళీగా ఎలా ఉంటుంది? ఇక బుల్లయ్య గారు. ఆదివారం ఇక్కడికి వచ్చి, సోమవారం ఉత్తరం ఇస్తున్నారు. నేరమంటారా, మనిషిని దాచిన నేరం ఉంది. బలవంతం మాత్రం లేదు. ఎవరి బెదిరింపుకో రాసేవాడు సముద్రం అందం గురించి రాయడు.”

“అయితే మా అన్న...”

“ఉన్నాడమ్మా. లోపలే ఉన్నాడు.”

తలుపు తెరుచుకుంది. గెడ్డం నెరిసి, చిక్కిపోయి, అల్లాబక్షు గుమ్మంలో నిలబడ్డాడు. చెల్లెల్ని చూడలేక నేలకేసి చూశాడు. ఖుర్షిదా అతని నెరిసిన గెడ్డంకేసి కళ్ళార్పకుండా చూసింది. 

అల్లాబక్షు చెప్పింది క్లుప్తమే. బొంబాయిలో ఓడ నిచ్చెన దాకా వెళ్ళాడు. దాని మీద కాలు పెట్టేసరికి భయమేసింది. ఏళ్ళ తరబడి కలవరించిన దీవికి తీరా దారి తెరుచుకున్నాక, అంత నీళ్ళు దాటి ఒక్కడూ వెళ్ళలేనని తెలిసింది. ఓడ వెళ్ళిపోయింది. మద్రాసు మీదుగా వస్తూ, దండలేసినవాళ్ళకి మొహం ఎలా చూపించాలో తోచక, ఇంకో కొన్ని గంటల్లో ఇల్లనగా ఇక్కడ దిగిపోయాడు. బుల్లయ్యకి కబురు చేసి కాళ్ళా వేళ్ళా పడ్డాడు. స్నేహితుడి పరువు కాపాడదామని పెట్టిన మొదటి అబద్ధానికి ఇంకో నాలుగు తోడయ్యాయని బుల్లయ్య కళ్ళు తుడుచుకున్నాడు. అక్టోబరులో రాయడానికి అల్లాబక్షు దగ్గర దీవి ఏమీ మిగల్లేదు.

“ఎవరో నవ్వుతారని నన్ను ఏడు నెలలు వదిలేశావా?” అంది ఖుర్షిదా.  “వాళ్ళు నీకేమవుతారు? నేనేమవుతాను?”

“జూన్లోనే వచ్చేద్దామని పెట్టె సర్దుకున్నానమ్మా. అప్పుడే నీ ఉత్తరం అందింది. ఇంటి నిండా పిల్లలే, చదువు చెప్పించుకోవడానికి వస్తున్నారు, పక్కింటి జాన్‌బీ రాత్రిళ్ళు తోడు పడుకుంటోంది, నువ్వు లేవన్న తలపే రావడం లేదు అని రాశావు. ప్రతి ఉత్తరంలోనూ అదే రాశావు. నేను లేకపోతేనే నీకు హాయిగా ఉందనుకున్నా. ఇంకెందుకు రావడం?”

 యలమందయ్య నెమ్మదిగా అన్నాడు.

“ఈ కేసులో అబద్ధాలు రాసింది ఒక్కరు కాదండీ. ఆ ఇంట్లో గోడకి ఒకే కంచం ఉంది. పిల్లలు కూచునే చాప ఒక్కటి లేదు. తోడు పడుకునే మనిషి ఉన్న జాడ కూడా లేదు.”

“జాన్‌బీ మేలోనే కొడుకు దగ్గరికి దాచేపల్లి వెళ్ళిపోయింది,” అంది ఖుర్షిదా. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. “నేను ఒక్కదాన్నీ ఉన్నానని రాస్తే నువ్వు దీవి వదిలేసి పరిగెత్తుకొస్తావని. అక్కడన్నా సుఖంగా ఉంటావని.”

ఇద్దరి మధ్యా నాలుగు బారల దూరం కూడా లేదు. మస్తాన్‌బీ అంత గొంతున్న మనిషి, లోపలికి వెళ్ళి చప్పుడు చెయ్యకుండా పొయ్యి రాజేసింది. యలమందయ్య సైగ చేస్తే సిలార్, బుల్లయ్య లేచారు. సాయంత్రం బండికి టైముంది, నడుద్దాం పదండి అన్నాడాయన. వసారా దిగుతూ సిలార్ ఒకసారి వెనక్కి చూశాడు. అల్లాబక్షు వచ్చి చెల్లెలి పక్కన చాప మీద కూచున్నాడు.

“అన్నా,” అంటోంది ఖుర్షిదా. “ఇంకెప్పుడైనా నేను బాగున్నానని రాస్తే నమ్మకు.”

“నువ్వూ నమ్మకు,” అన్నాడు అల్లాబక్షు.