జయకృష్ణ దాచిన మాటలు

పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే నాగుల్ మీరా ఇంట్లో పొద్దున్నే మొదటి టీ అతని తల్లి ఆమినా బీకి, రెండోది అతనికి. మూడోది మాత్రం ఇంట్లోవాళ్ళెవరికీ కాదు, జయకృష్ణకి. వాడు రెండు వీధుల అవతల ఉండే పుష్పావతి కొడుకు, తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే కాళ్ళలో సత్తువ లేదు. చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిల్ మీద ఏడున్నరకల్లా వచ్చి గుమ్మం ముందు బెల్లు కొడతాడు. ఎవరి కోసం వచ్చాడో ఆ నాగుల్ మీరా కొడుకు ఫైసల్‌కి తప్ప ఆ బెల్లు వీధిలో అందరికీ వినబడుతుంది. ఫైసల్‌కి పుట్టుచెవుడు.

టీ గ్లాసు చేతికిస్తూనే ఫైసల్ తల్లి నసీమా పనులు చెప్పడం మొదలుపెట్టేది. హోంవర్క్ చేశాడేమో అడగమనేది, చెవి మిషన్ ఎందుకు తీసేశాడో కనుక్కోమనేది, సాయంత్రం తిన్నగా ఇంటికి రమ్మని చెప్పమనేది. జయకృష్ణ గ్లాసు పక్కన పెట్టి చేతులు తిప్పేవాడు, ఫైసల్ బదులుగా చేతులు తిప్పేవాడు. "చేశాడంట పిన్నీ," "వస్తానన్నాడు పిన్నీ." టీ ఈలోగా చల్లారిపోయేది. ఏడేళ్ళుగా ఆ తల్లీకొడుకుల మధ్య మాటలన్నీ ఇలాగే నడుస్తున్నాయి గనక ఎవరికీ అందులో వింతేమీ కనబడలేదు.

ఆ సైగలు ఎవరూ నేర్పినవి కావు. రెండో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల్లో ఇద్దరూ కలిసి పుట్టించుకున్నవి. జయకృష్ణకి రెండు చేతులూ సైకిల్ తిప్పడానికి కావాలి, ఫైసల్‌కి రెండు చేతులూ వెనక నుంచి నెట్టడానికి కావాలి. కాబట్టి మాట్లాడుకోవాలంటే బండి ఆపాల్సిందే. ఇంటి నుంచి బడి అర కిలోమీటరు. అందులో పదిసార్లు ఆగేవాళ్ళు. రోజూ ప్రార్థన అయిపోయాక వచ్చే ఇద్దరు పిల్లలెవరంటే బడిలో ఎవర్నీ అడగక్కర్లేదు.

ఈ బండి ఆగడం చూసే హరిబాబుకి సినిమా ఆలోచన వచ్చింది. హరిబాబు బందరులో పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు. పెళ్ళి చీరలు కొనడానికి వచ్చిన వాళ్ళతో పెడన వచ్చి, రోడ్డు పక్కన ఆపిన బండి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు చేతులతో పోట్లాడుకోవడం చూసి, అక్కడే నిలబడిపోయాడు. ఇద్దరి స్నేహం మీద, కుటుంబమంతా కూర్చుని చూసేలా ఇరవై నిమిషాల సినిమా తీస్తానన్నాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. జయకృష్ణ ఎగరలేదు గానీ ఆ రోజు బెల్లు మోత మాత్రం రైలు స్టేషన్ దాకా వినబడింది.

నసీమా ఒప్పుకున్నది చివరి సీను కోసం. అందులో తల్లి అన్నం కంచం తెచ్చి కొడుకు ముందు పెడుతుంది. కొడుకు తలెత్తి చూసి, నోరు తెరిచి, మొదటిసారి "అమ్మ" అంటాడు. హరిబాబు ఆ కథ చెబుతుంటేనే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క మాట కోసం ఆమె నాలుగేళ్ళు వారానికి రెండు రోజులు పిల్లవాణ్ణి చంకనేసుకుని బెజవాడలో మాటలు నేర్పే డాక్టర్ల దగ్గరికి తిరిగింది. ఏడో ఏట ఆ మాట వచ్చింది. ముక్కుతో లాగినట్టు, కాస్త బండగా, అయినా వచ్చింది. వీధి పిల్లలు దాన్ని అనుకరించి నవ్వడంతో పదో ఏటికల్లా వాడు నోరు మూసుకున్నాడు. ఇప్పుడు సినిమాలో ఆ మాట అంటే, నవ్వినవాళ్ళంతా వింటారు. ఆమెకి కావలసింది అంతే.

ఆదివారం పొద్దున పెరట్లో కెమెరా పెట్టారు. పుష్పావతి కూడా వచ్చింది. నసీమా కొత్త చీర కట్టుకుని కంచం తెచ్చి పెట్టింది. ఫైసల్ తలెత్తి చూశాడు, నోరు తెరవలేదు. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె కెమెరా సంగతి మరిచిపోయి, వాడి గడ్డం పట్టుకుని, పెదవులు కలిపి విడదీసి చూపించింది. వాడు మొహం తిప్పుకున్నాడు. నాలుగోసారి మాత్రం వాడే చేతులు పైకెత్తాడు. కుడిచేతి వేళ్ళతో ఎడమచేతి వెనక రెండుసార్లు కొట్టుకుని, ఆమె వైపు చూపించాడు.

ఏమంటున్నాడని హరిబాబు జయకృష్ణని అడిగాడు.

"అమ్మ అంటున్నాడన్నా."

"అమ్మంటే అదేం సైగరా?"

జయకృష్ణ చక్రం వైపు చూస్తూ, "మా ఇద్దరికీ అమ్మంటే అదే అన్నా. చిన్నప్పట్నుంచీ," అన్నాడు.

అదెక్కడి నుంచి వచ్చిందో నసీమాకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతులు ఊపడం అలవాటైతే ఇక నోటమాట రాదని బెజవాడలో చెప్పారు. ఆమె నమ్మింది. వాడు నీళ్ళ కోసం చెయ్యెత్తితే చేతి వెనక కొట్టేది, అన్నం కోసం ఎత్తితే కొట్టేది. నోటితో అడుగు, నోటితో అడుగు అంటూ కొట్టేది. ఎర్రగా కందేలా కాదు, మరిచిపోకుండా ఉండేలా. వాడు మరిచిపోలేదు. అందరికీ సైగల్లో పేర్లు పెట్టుకునేటప్పుడు అమ్మకి ఆ పేరు పెట్టుకున్నాడు.

ఏడుస్తుందేమోనని పుష్పావతి దగ్గరికి రాబోయింది. నసీమా ఏడవలేదు. తప్పు మన వైపు తేలినప్పుడు ముందు వచ్చేది కోపమే, అది ఎదురుగా ఉన్నవాళ్ళ మీద పడుతుంది.

"నా కొడుక్కి ఈ చేతులు తిప్పుళ్ళు నేర్పింది నువ్వే. నువ్వు లేకపోతే వాడు ఈపాటికి మాట్లాడేవాడు," అంది జయకృష్ణతో. "రేపట్నుంచి మా ఇంటికి రావద్దు."

 పుష్పావతి సైకిల్ వెనక్కి తిప్పి కొడుకుని తీసుకుపోయింది. ఫైసల్‌కి ఏం జరిగిందో చెప్పడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు.

సోమవారం ఏడున్నరకి బెల్లు మోగలేదు. ఫైసల్ ఎనిమిది దాకా గుమ్మంలో నిలబడి, ఒక్కడే బడికి పోయాడు. ఆ వారం నసీమాకి తన ఇల్లు తనకి కొత్తగా కనబడింది. కొడుకుతో చెప్పాల్సినవి పొద్దున్నుంచీ నోటి దాకా వచ్చేవి, అక్కడే ఆగిపోయేవి. ఒకరోజు వాడు అన్నం ముట్టలేదు. కడుపునొప్పో, కోపమో, బడిలో గొడవో తెలియలేదు. కాగితం, పెన్ను ఇస్తే "కృష్ణ రాడు ఏం" అని రాసి తోసేశాడు. నాగుల్ మీరాని అడిగితే, కుర్రాడి మీద అరిచినదానివి నువ్వే, నువ్వే చూసుకో అని పనికి వెళ్ళిపోయాడు.

గురువారం ఆమె పెరటి తలుపు తీసేసరికి ఫైసల్ నానమ్మ ఎదురుగా కూర్చుని ఏదో సైగ చేస్తున్నాడు. తల్లిని చూడగానే చేతులు రెండూ తొడల కింద దూర్చుకున్నాడు. అలా దూర్చుకోవడం ఆమె ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది. బుద్ధిగా కూర్చున్నాడనుకునేది.

"వాడి మాటలు నీకు తెలుసా అత్తమ్మా?"

ఆమినా బీ వక్క నములుతూ, "ఓ పదో పదిహేనో. టీ, వక్క, మోకాలినొప్పి. నాకు వద్దని చెప్పినవాళ్ళెవరూ లేరుగా. నేను బెజవాడ రాలేదు," అంది.

నసీమా ఆ సాయంత్రమే పుష్పావతి ఇంటికి వెళ్ళింది. పుష్పావతి కూర్చోమంది గానీ నవ్వలేదు. నసీమా క్షమించమని అడిగింది, కృష్ణని మళ్ళీ పంపించమంది. వాడు లేకపోతే మా ఇంట్లో మాటే లేదు వదినా అంది. పుష్పావతి నోరు తెరిచేలోపే జయకృష్ణ లోపలి నుంచి నేల మీద జరుగుతూ వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు.

"నేను వచ్చేది వాడితో ఆడుకోడానికి పిన్నీ. మీరేమో వచ్చిన దగ్గర్నుంచీ అది అడుగు, ఇది చెప్పు అంటారు. బళ్ళో మేష్టర్లూ అంతే. మేమిద్దరం మాట్లాడుకునేది రోడ్డు మీదే."

పుష్పావతి కొడుకుని ఊరుకోమంది. వాడు ఊరుకోలేదు. నాలుగు రోజులుగా లోపల దాచుకున్నట్టున్నాడు.

"ఇంకోటి కూడా చెప్పేస్తాను. మీరు తిట్టినవన్నీ నేను వాడికి చెప్పలేదు. వాడు అన్నవన్నీ మీకు చెప్పలేదు. హాఫ్ ఇయర్లీ మార్కులొచ్చినప్పుడు ఏమన్నారో గుర్తుందా? చదువూ రాదు, మాటా రాదు, ఎందుకు పుట్టాడో అడుగు అన్నారు. నేనేమో లెక్కలు ఇంకొంచెం చదవమంటోందని చెప్పాను."

నసీమా గడప దగ్గరికి జరిగింది. "వాడేమన్నాడు? సరేనన్నాడని చెప్పావు కదా."

"సరే అనలేదు."

"మరి?"

జయకృష్ణ తల్లి వైపు చూశాడు. పుష్పావతి వద్దనలేదు.

"అమ్మ నా మొహం చూడదు, నా నోరే చూస్తుంది అన్నాడు."

 నసీమాకి సిగ్గేసింది. ఏడేళ్ళుగా తన ఇల్లు పొందికగా నడుస్తోందని అనుకుంది. ఆ పొందికంతా ఈ కుర్రాడు రోజూ పొద్దున్నే వచ్చి అటు కొంత దాచి, ఇటు కొంత కలిపి నిలబెట్టింది. దానికి బదులు ఆమె ఇచ్చింది చల్లారిన టీ. ఆ సైగలు నాకూ నేర్పరా అని అడిగింది.

"నేను నేర్పను పిన్నీ," అన్నాడు జయకృష్ణ. "వాడున్నాడుగా. వాణ్ణి అడగండి."

మర్నాడు శుక్రవారం. నాగుల్ మీరా జుమా నమాజుకి వెళ్ళాక, మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చిన కొడుకు ఎదురుగా నసీమా కింద కూర్చుని కంచంలో అన్నం చూపించి, ఖాళీ చేతులు ముందుకి చాపింది. ఇదెలా అనాలని. ఫైసల్ చేతులు తొడల కిందే ఉన్నాయి. ఇది కూడా ఏదో పరీక్షేమోనన్నట్టు చూశాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు, వాడి కళ్ళలోకే చూస్తూ కూర్చుంది. మీసకట్టు వస్తోందని అప్పుడే గమనించింది. కాసేపటికి వాడి కుడిచెయ్యి బయటికి వచ్చింది. అన్నానికి ఒక సైగ చేశాడు. ఆమె చేసింది. వాడు తల అడ్డంగా ఊపి, ఆమె వేళ్ళు పట్టుకుని సరిచేశాడు. ఆమె మళ్ళీ తప్పు చేసింది, ఈసారి అదేదో అనరాని మాట అయినట్టుంది, వాడు పగలబడి నవ్వాడు. వీధిలో వినబడుతుందని ఆమె ఎప్పుడూ అణిచిపెట్టించిన పెద్ద నవ్వు అది. ఆ రోజు ఆమె అణచలేదు.

శనివారం నుంచి బెల్లు మళ్ళీ మోగింది. నసీమా ఏదైనా అడగమనబోతే జయకృష్ణ టీ గ్లాసుతో సహా వెనక్కి తిరిగి కూర్చునేవాడు.

హరిబాబు ఫోన్ చేసి చివరి సీను సంగతి అడిగాడు. "అమ్మ" అనడం లేదంది నసీమా. సెంటిమెంటు లేకపోతే ఎవరు చూస్తారక్కా అని కాసేపు నసిగాడు. చివరికి ఒకరోజు బడి వదిలే వేళకి వచ్చి, రోడ్డు పక్కన ఆపిన బండి దగ్గర పిల్లలిద్దరూ మాట్లాడుకుంటుంటే దూరం నుంచి తీసుకుని, దాంతోనే సినిమా ముగించాడు. వాళ్ళేమంటున్నారో కింద అక్షరాలు వేస్తానంటే ఇద్దరూ ఒప్పుకోలేదు.

పదిహేను రోజుల తర్వాత ఓ ఆదివారం మధ్యాహ్నం నాగుల్ మీరా ఇంట్లో టీవీకి తగిలించి సినిమా వేశారు. చుట్టుపక్కలవాళ్ళూ వచ్చారు. నవ్వాల్సిన చోట నవ్వారు, కొన్నిచోట్ల ముక్కులు చీదారు. ఆఖర్న బండి ఆగింది. ఇద్దరూ చేతులు తిప్పడం మొదలుపెట్టారు. మాట లేదు, పాట లేదు. గదిలో అందరూ జయకృష్ణని ఏమంటున్నార్రా అని అడిగారు. అది మా సొంత విషయం అన్నాడు వాడు.

తెర మీద ఫైసల్ ఎడమచేతి వెనక రెండుసార్లు తట్టాడు. నసీమా ముందుకి వంగింది. తర్వాత వాడి వేళ్ళు బిగుసుకుని, కొయ్యలా అటూ ఇటూ తిరిగాయి. ఆ తర్వాత నాలుక బయటపెట్టి మొహం చిట్లించి, మూడు వేళ్ళు చూపించాడు. జయకృష్ణ హేండిల్ మీద వాలిపోయి నవ్వుతున్నాడు. గదిలో ఇంకెవరూ నవ్వలేదు, నసీమా ఒక్కతే పకపకా నవ్వింది.

"ఏంటి వదినా?" అంది పుష్పావతి.

"నా మీద చాడీలు చెబుతున్నాడు వదినా. నా చేతులు కొయ్య చేతులంట. కూరలో ఉప్పెక్కువైందని చెబితే మూడు రోజులకి అర్థమైందంట నాకు."

 పిల్లలు వీధి అరుగు మీద ఏం చెప్పుకుంటున్నారో వంటింట్లో ఉండి వినడం ఏ తల్లికైనా రోజూ ఉండేదే. ఆమెకి పధ్నాలుగేళ్ళలో అదే మొదటిసారి. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, నలుగురూ చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చింది. ఆమినా బీ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

ఫైసల్ టీవీ వైపు నుంచి తిరిగి తల్లి మొహం చూశాడు. వెంటనే అనుమానంగా జయకృష్ణ వైపు చూశాడు. జయకృష్ణ కంగారుగా రెండు చేతులూ ఎత్తి, నేను చెప్పలేదురా అని సైగ చేశాడు.

అది కూడా నసీమాకి అర్థమైంది.